‘ధైర్యం చెప్పడం’ అంటే ఏం చెప్పడం?

ప్రశ్న: కష్టంలో ఉన్నవాళ్లతో ఈమధ్య అందరం ‘పాజిటివ్‌గా ఉండు’ అంటున్నాం. ఇదివరకు ‘వెళ్లి ధైర్యం చెప్పి వచ్చాం’ అనేవాళ్లు. రెండూ ఒకటేనా? ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషికి, రిపోర్టు ఎలా వస్తుందో అని ఎదురుచూసే మనిషికి అసలు చెప్పగలిగే ధైర్యం ఏముంటుంది?

జవాబు: ఒకటి కాదండీ. క్రియలు చూడండి. ధైర్యం చెబుతాం, తెచ్చుకుంటాం, కూడగట్టుకుంటాం, చిక్కబట్టుకుంటాం. అన్నీ చేసే పనులే. ‘పాజిటివ్‌గా ఉండు’లో ఉన్న క్రియ ‘ఉండు’ ఒక్కటే. ఎలా ఉండాలో చెబుతుంది గానీ అక్కడికి చేరే దారి చెప్పదు. అసలే దిగులుగా ఉన్నవాళ్లకు, అలా ఉండలేకపోతున్నామే అన్న దిగులు ఇంకోటి తోడవుతుంది.

వీటిలో నాకు బాగా నచ్చేది ‘కూడగట్టుకోవడం’. చెదిరిపోయినదాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసుకోవడం. ధైర్యం ఒక్కసారిగా రానక్కర్లేదన్న భరోసా ఆ మాటలోనే ఉంది. వేళకు తినడం, కాసేపు నడిచి రావడం, పడుకునే ముందు వార్తలు చూడకపోవడం, ఇవాళ మన చేతిలో ఉన్న పని ఒక్కటైనా పూర్తిచేయడం, ఇవన్నీ కూడగట్టుకోవడమే.

మరొకరు: ‘ఏం కాదులే’ అనే మాట కూడా ఇక్కడ చూడాలి. ప్రేమతోనే అంటాం. కానీ ఏమవుతుందో మనకూ తెలియదు కదా, వినేవాళ్లకు ఆ సంగతి తెలుసు. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. చిన్న కరెంటు షాక్ తప్పదని తెలిసినప్పటికన్నా, తగలడానికీ తగలకపోవడానికీ సగం సగం అవకాశం ఉన్నప్పుడే మనుషుల్లో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. ఎటూ తేలకపోవడమే అంత బాధపెడుతుందన్నమాట. ఆ బాధను ‘ఏం కాదులే’ అని దాటేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. ‘రిపోర్టు శుక్రవారం కదా, అప్పటిదాకా రాత్రిళ్లు ఎలా గడుస్తున్నాయి?’ అని అడిగి చూడండి, అవతలి మనిషి మాట్లాడతారు.

ఇంకొకరు: పోతన భాగవతంలో గజేంద్ర మోక్షం దగ్గర అందరికీ నోటికి వచ్చే శార్దూల పద్యం ఉంది కదా, అందులో మొదటి రెండు పాదాలు:

లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్

‘నీవే తప్ప’ అన్న పిలుపు మూడో పాదంలో గానీ రాదు. ఈ రెండు పాదాల్లో ఉన్నదంతా తన స్థితే. బలం లేదు, ప్రాణాలు చోటు తప్పాయి, స్పృహ తప్పుతోంది, ఒళ్లు అలసిపోయింది. ‘ధైర్యము విలోలంబయ్యె’ దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. ధీర అంటే చలించనిది, దానినుంచే ధైర్యం. విలోలం అంటే ఊగిసలాడేది. కదలకూడనిదే కదిలిపోయిందని ఏనుగంతటిది ఒప్పుకుంటోంది. అంతకుముందే ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’ అని అనుమానమూ పడింది. భయాన్నీ సందేహాన్నీ పైకి అనేయడం ధైర్యానికి అడ్డం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి దగ్గరగా వచ్చే పరిశోధన కూడా ఒకటుంది. కోపం, భయం కనిపించే ముఖాల ఫొటోలు చూపించి ఆ భావం పేరు చెప్పమన్నప్పుడు, మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గిందని 2007లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించారు. కాబట్టి ఊరికే ‘టెన్షన్‌గా ఉంది’ అనేకంటే అది బెంగో, కంగారో, భయమో తేల్చి చెప్పుకుంటే మంచిది. ఈ మూడింటికీ తేడా తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: అయితే ధైర్యం చెప్పడంలో సగం వినడమే అంటారు!

మొదట జవాబిచ్చినవారు: అవునండీ. ఇంకొక్క మాట. రెండు వారాలు దాటినా దిగులు తగ్గక, నిద్రా తిండీ దెబ్బతిని, దేనిమీదా మనసు పోకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే ఎవరికైనా చెప్పి సాయం తీసుకోవాలి. మన దగ్గరివాళ్లు ఆ మాట అంటే వాళ్లను ఒంటరిగా వదలకుండా పక్కనుండి తీసుకెళ్లాలి.