పని మానేస్తే పస్తులే అన్నప్పుడు ఆ పనికి ఇష్టపడి ఒప్పుకున్నట్టేనా?

మెట్ట పొలం:
ఉద్యోగంలో చేరేటప్పుడు ఇద్దరూ ఇష్టపడే సంతకం పెడతారు. జీతం నచ్చకపోతే మానేయొచ్చు. అయినా మార్క్సిస్టులు దీన్ని బలవంతం అంటారు. ఇది నేను ఒప్పుకోను. ఆకలి పెట్టింది ప్రకృతి, యజమాని కాదు. అడవిలో ఒంటరిగా బతికేవాడు కూడా దుంప తవ్వుకోకపోతే చస్తాడు. పైగా తెలంగాణ పల్లెల్లో దొరల కింద వెట్టి చేసినవాళ్లకి ఊరు వదిలే హక్కు కూడా లేదు. వాళ్ల మనవడు నెల జీతానికి పని చేస్తుంటే, అది స్వేచ్ఛ కాదని వాడితో ఎలా అంటారు?

పాత అల్మారా:
మెట్ట పొలం గారూ, వెట్టికీ జీతానికీ తేడా ఉందని మార్క్స్ కూడా ఒప్పుకుంటాడు. పని ఎవరికైనా తప్పదనీ ఒప్పుకుంటాడు: కొన్ని వారాలు పని ఆపితే ఏ దేశమూ మిగలదని, అది చిన్నపిల్లాడికి కూడా తెలుసని 1868లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆయన అడిగే ప్రశ్న వేరు. దుంప తవ్వుకునే నేల ఎవరి చేతిలో ఉంది?

1867లో వచ్చిన మార్క్స్ పుస్తకం 'పెట్టుబడి' (దాస్ కాపిటల్) మొదటి సంపుటంలో రెండు ఉదాహరణలు ఉన్నాయి. స్కాట్లండ్‌లో సదర్లండ్ జమీందారిణి 1814 నుంచి 1820 దాకా సుమారు 3,000 కుటుంబాలను వాళ్ల భూముల నుంచి వెళ్లగొట్టి, ఆ నేలను గొర్రెల మేతకు ఇచ్చింది. రెండోది ఆస్ట్రేలియాలోని స్వాన్ నది వలస. పీల్ అనే ధనికుడు 50,000 పౌన్ల సరుకులు, 3,000 మంది కూలి జనాన్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడని మార్క్స్ రాశాడు. తీరా దిగాక పక్క సర్దడానికీ, నది నుంచి నీళ్లు తేవడానికీ ఒక్క మనిషి కూడా మిగల్లేదు. అక్కడ భూమి సులువుగా దొరుకుతోంది, ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. (ఆ భూమి అక్కడి నూంగార్ ప్రజలది. అది ఇంకో పెద్ద అన్యాయం.) దీనికి వలసల గురించి రాసిన ఆంగ్లేయుడు వేక్‌ఫీల్డ్ చెప్పిన మందు ఏమిటో చూడండి. ప్రభుత్వం భూమి ధరను కావాలని పెంచాలట. అప్పుడు వచ్చినవాడు ఏళ్ల తరబడి కూలి చేస్తే తప్ప సొంత నేల కొనలేడు.

ఆకలి రెండుచోట్లా ఉంది. ఆకలి తీర్చుకునే ఇంకో దారి ఉన్నచోట పీల్ దగ్గర పనికి ఎవరూ ఉండలేదు. అందుకే సంతకాన్ని చూసి ఇష్టమో కాదో తేల్చలేం.

మూడో షిఫ్ట్:
స్వాన్ నది సంగతి బాగుంది. కానీ యజమానులే లేని దేశంలో ఏమైందో కూడా చెప్పుకోవాలి కదా! 1936 సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణం పని చేయనివాడికి తిండి లేదంది. 1940 జూన్‌లో వచ్చిన శాసనంతో అనుమతి లేకుండా ఉద్యోగం మానేస్తే 2 నుంచి 4 నెలల జైలు. అది 1956 దాకా పుస్తకాల్లో ఉంది. ఇంకో యజమాని దగ్గరికి పోదామంటే ఇంకో యజమానే లేడు! దేశంలో పని ఇచ్చేది ప్రభుత్వం ఒక్కటే అయినప్పుడు, ఎదురు తిరిగినవాడు మెల్లగా ఆకలితో చావాల్సిందేనని స్టాలిన్ పాలన గురించి రష్యా విప్లవ నాయకుల్లో ఒకడైన ట్రాట్‌స్కీ రాశాడు. 1920లో కార్మికులను సైనికుల్లా పనిలోకి దించాలని వాదించిందీ ఆయనే.

మెట్ట పొలం:
నేను చెప్పేదీ అదే. పదిమంది యజమానులు ఉంటే పనివాడికి కనీసం పది తలుపులు ఉంటాయి.

పాత అల్మారా:
పది తలుపులు ఒక తలుపు కంటే మేలే, కాదనను. కానీ ఆ పది తలుపుల వెనకా ఒకే షరతు ఉంటే?

మూడో షిఫ్ట్ గారూ, మీరు చెప్పినది మార్క్సిస్టులు తప్పించుకోకూడని విషయం. ఆస్తి పేరు మారినంత మాత్రాన పనివాడికి 'కాదు' అనే బలం రాదు. నేను 'పెట్టుబడి' మూడో సంపుటాన్ని ఎక్కువ నమ్మేది ఇందుకే. మార్క్స్ చనిపోయాక 1894లో ఆయన సహచరుడు ఎంగెల్స్ దాన్ని అచ్చు వేయించాడు. అవసరం కోసం చేసే పని ఏ వ్యవస్థలోనైనా ఉంటుంది, నిజమైన స్వేచ్ఛ ఆ పని ముగిసిన చోట మొదలవుతుంది, దానికి మొదటి షరతు పనిగంటలు తగ్గడం అంటాడు మార్క్స్ అందులో. మార్క్స్ అల్లుడు లఫార్గ్ అయితే రోజుకి మూడు గంటలు చాలన్నాడు.

మూడో షిఫ్ట్:
అయితే వెనక్కి నడుస్తున్నాం. ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకీ పిల్లలకీ 10 గంటల చట్టం 1847లో వచ్చింది. వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో ఉత్తర్వు ఇచ్చింది.

మెట్ట పొలం:
వారానికి 48 గంటలు దాటకూడదనీ అందులో ఉంది, అదీ చెప్పండి. ఇంకో ప్రశ్నకి ఇంతవరకు జవాబు రాలేదు. తిండికి భయం లేని రోజు వస్తే డ్రైనేజీలోకి దిగేది ఎవరు?

పాత అల్మారా:
ఇప్పుడు దిగుతున్నది ఎవరో, ఏ కులాల వాళ్లో మనకు తెలుసు. వేరే దారి లేని మనిషి దొరికినంత కాలం యంత్రం కొనాల్సిన అవసరం ఎవరికీ రాదు. దిగను అని వాళ్లు ధైర్యంగా అనగలిగిన మర్నాడే ప్రతి మున్సిపాలిటీ యంత్రాలకి టెండర్ పిలుస్తుంది.

మెట్ట పొలం:
యంత్రం సరే. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి యంత్రం లేదు. దాని గురించి చెప్పండి.