నాన్నగారు పోయారు, ఆఫీసు గది అలాగే ఉంది. కట్టలూ పుస్తకాలూ ఏం చెయ్యాలి?

బందరు ఆడపడుచు

అందరికీ నమస్కారం. ఇక్కడ ప్లీడర్లు, ప్లీడర్ల పిల్లలు చాలామందే ఉన్నారని అడుగుతున్నాను. పోస్టు కాస్త పొడుగు, ఏమనుకోకండి.

మా నాన్నగారు బందరులో సివిల్ ప్లీడరు. 1968లో సన్నదు, అంటే ప్లీడరీ లైసెన్సు, తీసుకున్నారు. నిరుడు కార్తీకంలో, ఎనభై రెండో ఏట పోయారు. దానికి పదిహేను రోజుల ముందు కూడా జిల్లా కోర్టులో ఒక అప్పీలు వాదించి వచ్చి, "జడ్జి గారు కుర్రాడే గానీ ఓపిగ్గా విన్నాడు" అని అమ్మతో చెప్పారట.

వీధి అరుగు ఎక్కగానే ఎడమ చేతి గది ఆయన ఆఫీసు. అందులో నేను లెక్కపెట్టినంత వరకు కేసు కాగితాల కట్టలు 312 ఉన్నాయి. కొన్నింటి నాడా పట్టుకుంటే చేతిలోకే తెగి వస్తోంది. గోడ పొడుగునా కోర్టు తీర్పులు అచ్చేసే ఏఐఆర్ వాల్యూములు, ఆంధ్రా లా టైమ్స్, అట్టలు ఊడిన ముల్లా సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్ మీద పుస్తకం). మూలన ఒక ఇనప బీరువా. దాంట్లో జనం ఆయన్ని నమ్మి వదిలేసి వెళ్ళిన ఒరిజినల్ దస్తావేజులు ఉన్నాయి. కొన్నింటి మీద పార్టీ పేరు ఉంది, కొన్నింటి మీద "అవనిగడ్డ తాతగారిది" అని మాత్రమే ఉంది. ఏ తాతగారో ఆయనకే తెలియాలి.

మా ఇంట్లో ఏ పనైనా వాయిదాలను బట్టే జరిగేది. నా పెళ్ళి, అన్నయ్య పెళ్ళి, చెల్లి పెళ్ళి మూడూ మే నెలలోనే. ముహూర్తాలు బాగుండి కాదు, సివిల్ కోర్టులకు సెలవులని. బందరు ఉక్కపోతలో పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చున్న సంగతి చివరిదాకా ఆయనకు గుర్తు చేస్తూనే ఉన్నాను. మా స్కూలు ఫీజు ఆఖరు తేదీ ఆయనకు ఒక్క ఏడూ గుర్తుండలేదు. ఎవరి అప్పీలుకి ఎన్ని రోజుల గడువు మిగిలిందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

దివిసీమ నుంచి మొదటి బస్సు దిగిన పార్టీలు ఆరింటికల్లా అరుగు మీద ఉండేవాళ్ళు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి, కింద విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టి కాఫీ గ్లాసులు సర్దేది. ఫీజు సంగతి అడిగితే "పంట చేతికి రాగానే ప్లీడరు గారూ" అనేవాళ్ళు. పంట వచ్చాక మినుములు వచ్చేవి. ఎండాకాలంలో ముంజెలు. ఊళ్ళో పెద్ద ప్లీడరని పేరే గానీ మా ఇంటికి ఫ్రిజ్ 1991లో వచ్చింది, అదీ అన్నయ్య మొదటి జీతంతో.

ఇప్పుడు అన్నయ్య డాలస్ నుంచి ఫోన్ చేసి, "ముఖ్యమైనవి స్కాన్ చేయించి మిగతాది రద్దీకి, పాత కాగితాల వాడికి, ఇచ్చెయ్, ఇల్లు బేరం పెడదాం" అంటున్నాడు. ఏవి ముఖ్యమైనవో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. నేను హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగిని, నెలకు రెండు ఆదివారాలు వెళ్ళగలను. అమ్మ ఇంకా ఆ గదిలో సాయంత్రం లైటు వేస్తోంది. ఎవరో ఒకరు వచ్చి "మా కేసు ఏమైంది తల్లీ" అని అడుగుతూనే ఉన్నారు. నాకు టెన్షన్ అంతా వాళ్ళ గురించే. ఎక్కడ మొదలుపెట్టాలి?

నరసరావుపేట నల్లకోటు

అమ్మా, రద్దీ మాట మాత్రం ఎత్తొద్దు. ముందు అన్నయ్య గారికి ఫోన్ చేసి అది చెప్పండి.

ప్లీడరు పోతే ఆయన వకాల్తా, అంటే తన తరఫున వాదించమని పార్టీ రాసిచ్చిన కాగితం, కూడా అక్కడితో అయిపోయినట్టే. సీపీసీ ఆర్డర్ 3, రూల్ 4లో స్పష్టంగా ఉంది. కాబట్టి నడుస్తున్న ప్రతి దావాలోనూ పార్టీ వేరే ప్లీడరుతో కొత్త వకాల్తా వేయించుకోవాలి. ఎవరిని పెట్టుకుంటారన్నది వాళ్ళ ఇష్టం. కట్టలన్నీ ఒక జూనియర్‌కి అప్పగించేస్తే మీకు భారం దిగుతుంది గానీ అది మీరు చెయ్యగల పని కాదు. కట్ట పార్టీది.

నడుస్తున్నవి ఏవో తెలుసుకోవడానికి ఈ-కోర్ట్స్ సైటులో అడ్వకేటు పేరుతో గానీ, బార్ రిజిస్ట్రేషన్ నంబరుతో గానీ వెతకొచ్చు. ఫోన్లోనే అయిపోతుంది. ఒక్క జాగ్రత్త. ఆఫీసు వాళ్ళు పేరు ఎక్కించేటప్పుడు ఇనీషియల్ ఒకచోట ముందు, ఒకచోట వెనక కొడతారు. నాలుగు రకాలుగా కొట్టి చూడండి. దగ్గరి వాయిదాలున్న వాళ్ళకి ముందు ఫోన్ చెయ్యండి. కబురు అందక, వాళ్ళు హాజరు కాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే ఆ ముసలాళ్ళు ఎవరి దగ్గరికి పోతారు?

అయిపోయిన కేసులు కదా అని డిక్రీ ఉన్న కట్టలు పారేయకండి. మామూలు డిక్రీ అమలుకు పన్నెండేళ్ళ గడువు ఉంటుంది. ఫలానా పని చెయ్యకూడదనే ఇంజంక్షన్ శాశ్వతంగా ఇచ్చి ఉంటే దానికి ఆ గడువు కూడా లేదు.

దస్తావేజుల విషయంలో ఫీజు బాకీ ఉందని ఆపడానికి వీల్లేదు. బాకీ ఉన్నా సరే పార్టీ కాగితాలు ప్లీడరు పట్టుకుని కూర్చోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చేసింది. మీరు ఆపుతారని కాదు, ఎవరో ఒకరు అలా సలహా ఇస్తారని చెబుతున్నా. ఇచ్చేటప్పుడు దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పేరు రాసి రసీదు తీసుకోండి. పార్టీ పోయి ఉంటే వచ్చిన ఒక్క కొడుకు చేతిలో పెట్టొద్దు. వారసులందరి సంతకాలూ ఉండాలి. అన్నదమ్ముల దావాలో కాగితం ఒకడికి ఇచ్చి రెండోవాడితో మీ అమ్మగారు తిట్లు తినకూడదు.

ఇక రద్దీ ఎందుకు వద్దన్నానంటే, పార్టీ ప్లీడరుతో చెప్పుకున్నది పని అయిపోయాక కూడా రహస్యమే. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 126, ఇప్పటి దాంట్లో 132. గుమాస్తాలకూ అది వర్తిస్తుంది. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక సాయంత్రం మిర్చి బజ్జీ కొనుక్కుంటే పొట్లం విడాకుల పిటిషను. భార్య పేరు, ఊరు, ఆరోపణలు అన్నీ నూనెలో మెరుస్తున్నాయి. బజ్జీ అక్కడే వదిలేసి ఆ కాగితం జేబులో పెట్టుకొచ్చి చింపేశాను. పనికిరావని తేలినవి తగలబెట్టండి, లేదా మిషన్లో ముక్కలు చేయించండి.

ఇంకొకటి. వకాల్తా మీద వెల్ఫేర్ స్టాంపులు అంటించేది ఊరికే కాదు. 1987 నాటి సంక్షేమ నిధి చట్టం కింద, నాన్నగారు సభ్యులై ఉంటే నామినీకి డబ్బు వస్తుంది. బార్ అసోసియేషన్‌లో కనుక్కోండి.

కిలో లెక్క

భావోద్వేగాలు పక్కన పెడితే, ఏఐఆర్ సెట్లు ఇవాళ ఎవడూ కొనడు. కొత్త ప్లీడర్లకు అన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. లైబ్రరీలకు ఫోన్ చేస్తే "మా దగ్గరే పెట్టడానికి చోటు లేదు" అంటారు. మా మామగారివి ఆటోలో ఎక్కించి రెండు చోట్ల తిప్పి మళ్ళీ ఇంటికే తెచ్చుకున్నాం. ఆటో కిరాయే మిగిలింది.

బందరు ఆడపడుచు

కిలో లెక్క గారూ, మీరన్నది నిజమే. ఇప్పటికే ఇద్దర్ని అడిగాను, ఇద్దరూ "చూద్దాం" అన్నారు. బందరులో చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు.

గుమాస్తా గారబ్బాయి

అక్కా, మీ పోస్టులో గుమాస్తా గారి మాట ఒక్కటి కూడా లేదేంటి? యాభై ఏళ్ళ ప్రాక్టీసు గుమాస్తా లేకుండా జరగదు కదా.

మా నాన్న గుడివాడలో ఒక ప్లీడరు గారి దగ్గర ముప్పై ఆరేళ్ళు చేశాడు. ఏ కట్ట ఎక్కడుందో ప్లీడరు గారికి తెలిసేది కాదు, మా నాన్నకి తెలిసేది. కట్ట బయటకు లాగక్కర్లేదు, నాడా ముడి చూసి ఎవరి దావానో చెప్పేవాడు. భూముల దావాకి ఒక ముడి, ప్రామిసరీ నోటు దావాకి ఒక ముడి. ఎందుకంటే నోటు దావాలు తరచూ విప్పాలి, అది జారు ముడి. ఇలాంటివి స్కాన్‌లో రావు.

ఆ ప్లీడరు గారు పోయినప్పుడు వాళ్ళ పిల్లలు గదికి తాళం వేసి మా నాన్నకి ఆ నెల జీతం ఇచ్చి పంపేశారు. తర్వాత ఆరు నెలలు పార్టీలు మా ఇంటికొచ్చేవాళ్ళు. ఆయన చేతిలో తాళం లేదు. వాళ్ళకి ఏం చెప్పాలో తెలియక చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాడు. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. వాళ్ళకి తోచలేదు, అంతే.

మీ గుమాస్తా గారు ఉంటే పిలవండి. రోజుకింత అని మాట్లాడి డబ్బు ఇచ్చే పిలవండి, మొహమాటానికి కాదు. ఆయన దగ్గర వాయిదాల డైరీలు వేరేగా ఉంటాయి, అవి ముందు అడగండి.

ఓరుగల్లు వకీలు సాబ్ బిడ్డ

మా బాపు హన్మకొండల వకీలు. మా దగ్గర ప్లీడరు గారు అనరు, వకీలు సాబ్ అంటరు. మీది చదివితే మా ఇల్లే యాదికొచ్చింది, గా చెప్పుల లెక్క తప్ప. మా అమ్మ కాఫీ కాదు, చాయ్ ఒకేసారి గిన్నెడు పెట్టేది.

నేను చేసిన తప్పు చెప్తా, మీరు చెయ్యకండి. బాపు బీరువాల నిజాం కాలం కాగితాలు ఉర్దూల ఉండె. మాకు ఎవ్వరికీ చదవరాదు. పాతవి కదా, ఏం పనికొస్తయని ఒక బస్తా పక్కకు పెట్టినం, వానకు తడిసి ముద్దయింది. రెండేండ్ల తర్వాత ఒక రైతు వచ్చి వాళ్ళ తాత సేత్వార్ (పాత భూమి సర్వే రికార్డు) నకలు మీ బాపుకే ఇచ్చిన అన్నడు. 1954-55 ఖాస్రా పహాణీల, అంటే అప్పటి భూమి రికార్డుల, పేరు ఒక తీరు ఉంది, తర్వాత పాస్‌బుక్కుల ఇంకో తీరు ఉంది, నడుమ లింకు ఆ కాగితమే. నేను ఏం చెప్పాలె? చేతులు కట్టుకొని నిలబడ్డ.

చదవరాని కాగితం పనికిరాని కాగితం అనుకోకండి. అంతే చెప్పేది.

బందరు ఆడపడుచు

నెల దాటింది. అందరికీ జవాబు ఇవ్వాలి.

గుమాస్తా గారబ్బాయీ, నువ్వడిగిన ప్రశ్న నాకు గట్టిగానే తగిలింది. ఆయన్ని మేం బాబాయి అంటాం. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద స్కూల్లో దింపింది ఆయనే. అంత దగ్గరవాడు కాబట్టే రాయడం తోచలేదేమో. ఫోన్ చేస్తే మర్నాడే చిలకలపూడి నుంచి వచ్చాడు, సంచిలో పదకొండేళ్ళ డైరీలు. డబ్బు మాట ఎత్తితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అమ్మ లోపల్నుంచి "తీసుకోవయ్యా, ఆయన ఉంటే ఇవ్వకుండా ఉండేవారా" అంటే అప్పుడు తీసుకున్నాడు.

ఈ-కోర్ట్స్‌లో నాకు 41 కేసులు దొరికాయి. బాబాయి 43 అన్నాడు. నేను వాదించాను, బ్యాంకు దాన్ని కదా. చివరికి చూస్తే రెండింటిలో నాన్నగారి ఇంటిపేరే తప్పుగా ఎక్కించారు. నరసరావుపేట గారూ, ఇనీషియల్ ఒక్కటే కాదండీ, ఇంటిపేరూ చూడాలి. 43 మందిలో 38 మందికి కబురు అందింది, మిగతా అయిదుగురి కోసం బాబాయి బస్సెక్కి తిరుగుతున్నాడు.

ఒక కట్ట గురించి చెబుతాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లూ కాగితాలూ కొట్టుకుపోయిన ఒక కుటుంబానిది, నాగాయలంక వైపు. నాన్నగారు అవనిగడ్డ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి వాళ్ళ దస్తావేజుకి సర్టిఫైడ్ నకలు తీయించి, దాని మీద దావా నడిపారు. డాకెట్ షీటు వెనక పెన్సిల్‌తో ఆయన రాత: "రూ. 500 ముట్టినది. బస్సుకు 20 వెనక్కి ఇచ్చితిని. బాకీ 1,200." అక్కడితో ఆగిపోయింది.

ఆ నకలు తీసుకెళ్ళడానికి కోడలు వచ్చింది, ఆవిడకే డెబ్బై దాటాయి. ఇద్దరు మరుదుల సంతకాలు కాగితం మీద పెట్టించుకునే వచ్చింది, బాబాయి ముందే చెప్పి ఉంచాడు. రసీదు రాశాక చెంగు ముడి విప్పి 1,200 బల్ల మీద పెట్టింది. వాళ్ళ మామగారు పోతూ చెప్పారట. నేను వద్దంటున్నాను, అమ్మ వచ్చి నా చెయ్యి పక్కకు తోసి డబ్బు తీసుకుంది. బాబాయిని పిలిచి బాకీ పుస్తకంలో ఆ పద్దు కొట్టేయమంది. తర్వాత ఆవిడకి అన్నం పెట్టింది. ఇద్దరూ మాట్లాడుకున్నది అంతా పచ్చడి గురించే.

నేను ఆ బాకీ పుస్తకం మొత్తం కూడుదామని మొదలుపెట్టి మూడో పేజీలో ఆపేశాను.

అన్నయ్య రద్దీ మాట మానేశాడు. ఇల్లు బేరం మాత్రం ఇంకా అంటున్నాడు, అది మా ఇంటి గొడవ, ఇక్కడ వద్దు. ఓరుగల్లు బిడ్డ గారూ, మా బీరువాలో మోడీ లిపి (పాత మరాఠీ రాత) లాంటిది ఏదో రెండు కాగితాలున్నాయి, విడిగా కవర్లో పెట్టాను.

పుస్తకాల్లో ముల్లా, ఆంధ్రా లా టైమ్స్ నాన్నగారి ఆఖరి జూనియర్, చల్లపల్లి అమ్మాయి తీసుకెళ్తానంది. ఏఐఆర్ ఇంకా గోడకే ఉన్నాయి. ఆ అమ్మాయికి ఆయన బల్ల కూడా కావాలట. ఇస్తామన్నాం. తీరా చూస్తే బల్ల గుమ్మంలోంచి రావడం లేదు. 1972లో వడ్రంగిని పిలిపించి గదిలోనే చేయించారట, అమ్మ ఇప్పుడు చెబుతోంది. కాళ్ళు ఊడదీస్తే వస్తుందంటున్నారు గానీ మేకులు లేవు, అంతా చెక్కలో చెక్క దూర్చి బిగించిన కూసాల పని. కోయకుండా విప్పగల వడ్రంగి బందరు చుట్టుపక్కల ఎవరైనా తెలిస్తే చెప్పండి. వచ్చే రెండో ఆదివారం నేను అక్కడే ఉంటాను.