'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్': 1973 స్టీరియో మిక్సు వినాలా, నాలుగు మూలల మిక్సు వినాలా?

పట్టకం:
ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973 మార్చిలో వచ్చింది. ఇప్పుడు కనీసం నాలుగు మిక్సుల్లో, అంటే గొంతులు, వాయిద్యాలు, చప్పుళ్లు కలిపిన నాలుగు తూకాల్లో, దొరుకుతోంది. 1973 స్టీరియో ఒకటి. అదే ఏడాది ఇంజనీరు అలన్ పార్సన్స్ నాలుగు స్పీకర్ల కోసం చేసిన క్వాడ్ ఇంకొకటి. 2003లో ఇంజనీరు జేమ్స్ గత్రీ 5.1 (ఐదు స్పీకర్లు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్) చేశాడు, 2023 పెట్టెలో అట్మాస్ (తల పైనుంచి కూడా ధ్వని వచ్చే పద్ధతి) వచ్చింది. మొదటిసారి కుదురుగా కూర్చుని వినబోయే మనిషి చేతిలో వీటిలో ఏది పెట్టాలి?

నా మాట స్టీరియోకే. ఆ మిక్సు దగ్గర బ్యాండే రెండుగా చీలింది. మిక్సు పొడిగా ఉండాలి, మాటలూ చప్పుళ్లూ ముందుకు రావాలి అన్నారు వాటర్స్, మేసన్. ప్రతిధ్వనిలో నాని మెత్తగా ఉండాలన్నారు గిల్మర్, రైట్. మధ్యవర్తిగా నిర్మాత క్రిస్ థామస్‌ని పిలిపించారు. మనం వింటున్నది ఆ తగవు తెగిన చోటు. తర్వాత ఎవరెంత బాగా చేసినా అది వేరే తూకం.

నాలుగు_మూలలు:
పట్టకం గారూ, తగవు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ చప్పుళ్లు ఎందుకు పుట్టాయో చూడండి. 'టైమ్' మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి కదా, వాటిని పార్సన్స్ పాత గడియారాల దుకాణానికి వెళ్లి ఒక్కొక్కటే విడిగా రికార్డు చేశాడు. క్వాడ్ ఎలా ఉంటుందో చూపించడానికి చేసిన పని అది, ఈ పాట కోసం కాదు. 'మనీ' పాట మొదట్లో తిరిగి తిరిగి మోగే టేపు చుట్ట, అంటే లూప్, కూడా చప్పుళ్లు గది చుట్టూ నడవాలన్న ఆలోచనతో కట్టిందే. పైగా వీళ్లు 1967 మేలోనే లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్ కచేరీలో ధ్వనిని జాయ్‌స్టిక్‌తో స్పీకర్ల మధ్య తిప్పారు. వీళ్ల సంగీతానికి సరౌండ్ అంటే తర్వాత తగిలించిన తోక కాదు.

ఆ లూప్ ఎలా కట్టారో తెలిస్తే వినడమే మారిపోతుంది. నాణేలు, చిరిగే కాగితం, గల్లాపెట్టె లాంటి ఏడు చప్పుళ్లు. ఒక్కోదాన్ని టేపు మీద స్కేలుతో కొలిచి కోసి అతికించారు. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపు, నిమిషానికి 120 దెబ్బల లయ అనుకుంటే ఒక్కో ముక్క ఏడున్నర అంగుళాలు, మొత్తం లూప్ 52.5 అంగుళాలు అవుతుంది. పావంగుళం తప్పుగా కోస్తే దెబ్బ దాదాపు 17 మిల్లీసెకన్లు జరుగుతుంది, డ్రమ్ములు కలవగానే చెవికి తెలుస్తుంది. ఏడు దెబ్బల తాళం టేపు ముక్కల్లోంచే నడుస్తుంది. గిటార్ సోలోకి వచ్చేసరికి నాలుగులోకి మారుతుంది.

సూదిమొన:
క్వాడ్ అంటున్నారు, ఏ క్వాడ్? 1973 నాటి క్వాడ్ ఎల్పీ (సూదితో వినే రికార్డు) ఎస్‌క్యూ పద్ధతిది. నాలుగు ఛానెళ్లను రెండింట్లోకి కుదించి, ఇంట్లో డీకోడర్‌తో మళ్లీ విడదీయాలి. మామూలు డీకోడర్‌తో ముందు వెనకల మధ్య వేర్పాటు 3 డెసిబెళ్లే. లాజిక్ సర్క్యూట్ ఉన్న మంచి డీకోడర్ లేకపోతే వెనక మోగాల్సింది ముందు కూడా మోగుతుంది, అన్నీ కలగాపులగం. పాత క్వాడ్ ఎల్పీ ఎక్కువ డబ్బు పోసి కొని, 'ఇంతేనా' అని నిరాశపడేవాళ్లలో చాలామంది వింటున్నది పార్సన్స్ మిక్సు కాదు, డీకోడర్ లోపం. అదే మిక్సు 2011 ఇమ్మర్షన్ పెట్టెలో బ్లూ-రే మీద నాలుగు విడి ఛానెళ్లుగా, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఉంది. క్వాడ్ గురించి మాట్లాడాలంటే అది విని మాట్లాడాలి.

గది_కొలత:
బ్లూ-రే ఉన్నా గది సహకరించాలి. క్వాడ్ కోసం స్పీకర్లు నాలుగు మూలల్లో, ఒక్కో రెంటి మధ్య 90 డిగ్రీలు ఉండాలి. మన ఇళ్లలో 5.1 పెట్టుకున్నవాళ్లు ప్రమాణం ప్రకారం మీ ముక్కుసూటి గీత నుంచి ముందువి చెరో పక్క 30 డిగ్రీల్లో, వెనకవి 110 దగ్గర పెడతారు. అప్పుడు ముందు రెంటి మధ్య 60, పక్కల 80, వెనక ఏకంగా 140 డిగ్రీల ఖాళీ. 'మనీ' లూప్ గది చుట్టూ సమంగా నడవదు. ముందు ఇరుకుగా అడుగులేసి, వెనక ఒక్క గెంతు గెంతుతుంది. క్వాడ్ వినేటప్పుడు వెనక స్పీకర్లను 135 దాకా జరపండి, ముందువి 45 దాకా విప్పండి, మధ్య స్పీకర్ ఆపండి. స్టాండ్ల మీద ఉంటే ఐదు నిమిషాల పని. గోడకు బిగించి ఉంటే గత్రీ 5.1 వినడమే మేలు, అది ఆ కొలతలకే చేశారు.

ఇంకొకటి. గత్రీ 5.1 ఉన్న 2003 ఎస్‌ఏసీడీ (సీడీ కంటే నాణ్యత ఎక్కువున్న డిస్కు) వేసినప్పుడు కొన్ని ప్లేయర్లు, రిసీవర్లు చిన్న స్పీకర్ల బేస్‌ని సబ్‌వూఫర్‌కి పంపవు. ఆల్బమ్ మొదట్లో వచ్చే గుండె చప్పుడే సగం మాయమవుతుంది. సెట్టింగ్స్‌లో డీఎస్‌డీని (ఎస్‌ఏసీడీ డిజిటల్ రూపం) పీసీఎమ్‌గా (మామూలు డిజిటల్ రూపం) మార్చే అవకాశం ఉంటే మార్చి, 80 హెర్ట్జ్ దగ్గర క్రాసోవర్ (ఆ కింది బేస్‌ని సబ్‌వూఫర్‌కి మళ్లించే హద్దు) పెట్టండి.

పట్టకం:
గది_కొలత గారి పోస్టు నా వాదనకే బలం. ఒక మిక్సు వినడానికి స్పీకర్లు జరపాలి, ఇంకోదానికి మళ్లీ వెనక్కి పెట్టాలి, మూడోదానికి బేస్ దారి మళ్లించాలి. స్టీరియోకి రెండు స్పీకర్లు, మీరు, సమాన భుజాల త్రిభుజం. 'అస్ అండ్ దెమ్'లో ఒక్కో మాట పలికాక దాని ప్రతిధ్వని మళ్లీ మళ్లీ వచ్చి సన్నగిల్లే తీరు ఆ రెంటి మధ్యే నాకు లోతుగా వినిపిస్తుంది. చుట్టూ పంచితే వెడల్పు వస్తుంది, లోతు తగ్గుతుంది.

కొత్త_చెవులు:
అన్నలూ, స్పీకర్లు లేనివాళ్లు ఏం చెయ్యాలె? ఫోన్, హెడ్‌ఫోన్లే ఉన్నయి. అట్మాస్ పెడితే గొంతులు దూరం పోయినట్టు వస్తున్నయి. స్టీరియో పెడితే పాటకూ పాటకూ మధ్య చిన్న కోత పడుతున్నది.

కొలతబద్ద:
రెండూ వేర్వేరు జబ్బులు తమ్ముడూ. హెడ్‌ఫోన్లలో అట్మాస్ అంటే చుట్టూ ఉన్న స్పీకర్లను లెక్కలతో రెండు చెవుల్లోకి నకలు చేయడం. ఆ లెక్క సగటు తల, సగటు చెవి ఆకారానిది. నీ చెవులు దానికి దగ్గరగా లేకపోతే గొంతు ఎదురుగా నిలబడదు. నీకు అలా వినిపిస్తుంటే ఆ మిక్సు మీద తీర్పు చెప్పకు, స్టీరియోకి మార్చు.

కోత సంగతి. ఈ ఆల్బమ్ ఎల్పీకి రెండు పక్కలు, ఒక్కో పక్క పాటలన్నీ ఆగకుండా ఒకదాంట్లోకి ఒకటి జారతాయి. ఎమ్పీ3 ఫైలు 1152 శాంపిళ్ల ఫ్రేముల్లో కట్టబడుతుంది. పాట సరిగ్గా ఫ్రేము అంచున ముగియదు కాబట్టి మిగిలిన చోటు నిశ్శబ్దంతో నిండుతుంది. ప్లేయర్ దాన్ని కత్తిరించకపోతే 'స్పీక్ టు మీ' ఉప్పొంగి 'బ్రీద్'లో పడాల్సిన చోట తెగుతుంది. ఫ్లాక్ (నాణ్యత పోని ఫైలు రకం) వాడు, యాప్‌లో గ్యాప్‌లెస్ (ఖాళీ లేకుండా మోగించే సెట్టింగ్) ఆన్ చెయ్యి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట మీద ఇంకోటి కలిపే సెట్టింగ్) సున్నా చెయ్యి. వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఉంటే పాటవారీగా కాదు, ఆల్బమ్‌వారీగా పెట్టు. లేకపోతే సన్నని గుండె చప్పుడు పెద్దదై, ఆ వెంటనే వచ్చే పాట చిన్నబోతుంది. వాల్యూమ్ కూడా గుండె చప్పుడు విని పెట్టకు. 'బ్రీద్' వచ్చాక పెట్టుకో, లేకపోతే గడియారాల దగ్గర చెవులు అదురుతాయి.

మిక్సులు పోల్చేవాళ్లందరికీ ఒక మాట: వాల్యూమ్ సమం చేయకుండా పోల్చకండి. స్పీకర్ తీగల దగ్గర మల్టీమీటర్ పెట్టి 1 కిలోహెర్ట్జ్ టోన్ మోగించండి. ఒక డెసిబెల్ తేడా అంటే వోల్టేజీలో 12 శాతం. ఎక్కువ మోగేదే 'స్పష్టంగా' ఉన్నట్టు చెవి మోసపోతుంది.

సూదిమొన:
కొలతబద్ద గారూ, అక్కడ చిన్న సవరణ. టోన్‌తో సమం అయ్యేది రెండు పరికరాలు. డిస్కుల్లో ఉన్న మాస్టరింగ్ (మిక్సు అయ్యాక డిస్కు కోసం చేసే తుది సర్దుబాటు) తేడా అలాగే ఉండిపోతుంది. సీడీ పొర, ఎస్‌ఏసీడీ పొర రెండూ ఉన్న 2003 హైబ్రిడ్ డిస్కే తీసుకోండి. అందులోని మామూలు సీడీ పొరను ఎస్‌ఏసీడీ స్టీరియో పొర కంటే ఎక్కువ కంప్రెస్ చేశారు, అంటే చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించారు. ఒకే డిస్కు, ఒకే ప్లేయర్, అయినా రెండు పొరల శబ్దం ఒకటి కాదు. ఆ రెంటినీ పోల్చి 'ఎస్‌ఏసీడీ గొప్పది' అంటే పోల్చింది ఫార్మాట్‌ని కాదు, మాస్టరింగ్‌ని. ఫైళ్లయితే పాట మొత్తానికి సగటు లౌడ్‌నెస్ కొలిచి, ఎక్కువున్నదాన్ని తగ్గించి వినాలి.

కొలతబద్ద:
నిజమే, ఆ పొరల సంగతి చెప్పకుండా వదిలేయడం నా తప్పు. ఫైళ్లకు మీ పద్ధతే సరైనది.

నాలుగు_మూలలు:
ఎల్పీ అభిమానులు స్టీరియోనే అసలుదంటున్నారు కాబట్టి అడుగుతున్నా, ఎల్పీ రెండో పక్క చివర ఎలా మోగుతోంది మీ దగ్గర?

సూదిమొన:
న్యాయమైన ప్రశ్న. మొదటి పక్క 19 నిమిషాల పైన, రెండోది దాదాపు 23న్నర. పెద్ద పక్క చివరే 'ఎక్లిప్స్' లాంటి ఉధృతమైన ముగింపు. రికార్డు అంచున సూది కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపల 60 మి.మీ. దగ్గర 21 మాత్రమే. అదే సంగీతం సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. గుండ్రటి మొన సూది ఆ మెలికలు అందుకోలేక గొంతులు చిట్లుతాయి. మొదటి పక్క చివర 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో క్లేర్ టోరీ గొంతు పైకి లేచినప్పుడు కూడా ఇదే బాధ. మందు: కనీసం ఎలిప్టికల్ (కోలగా చెక్కిన) మొన, ప్రొట్రాక్టర్ (సూది కోణం చూసే కొలపట్టిక) మీద 66, 120.9 మి.మీ. బిందువుల దగ్గర సరిచూసిన అమరిక, కార్ట్‌రిడ్జ్ (సూది ఉండే భాగం) తయారీదారు చెప్పినంత బరువు. ఆడియో-టెక్నికా వీఎమ్95ఈ అయితే 2 గ్రాములు. రికార్డుకి మంచిదని బరువు తగ్గించేవాళ్లున్నారు. అది తప్పు, సూది గాడిలో ఎగిరి గోడల్ని మరింత కొరుకుతుంది.

(క్లేర్ టోరీ పేరు వచ్చింది కాబట్టి: ఆ రోజు ఆమెకు ఇచ్చింది 30 పౌండ్లు. 2004లో దావా వేసి, 2005లో రాజీ కుదిరాక, రైట్ పక్కన ఆమె పేరూ రచయితగా వస్తోంది. కొనేటప్పుడు ఆ పేరు చూస్తే ముద్రణ 2005కి ముందుదో తర్వాతదో తెలుస్తుంది. ఆ గొంతుకి ఆ గుర్తింపు రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది.)

గది_కొలత:
ఎల్పీ మీద పాట మొత్తం నెమ్మదిగా, గొంతులు బొంగురుగా వస్తే సూదిని తిట్టకండి. అమెరికా నుంచి తెచ్చిన పాత ఏసీ మోటారు టర్న్‌టేబుళ్లు అక్కడి 60 హెర్ట్జ్ కరెంటు లెక్కన తిరుగుతాయి. మన 50 హెర్ట్జ్ మీద 33⅓ కాస్తా 27.8 చుట్లవుతుంది, శ్రుతి మూడు సెమీటోన్ల పైన దిగిపోతుంది. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని కాదు. 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే మార్చాలి. డీసీ మోటారు, డైరెక్ట్ డ్రైవ్ వాటికి ఈ బెడద లేదు.

నాలుగు_మూలలు:
నా వాదన కొంచెం కుదించుకుంటాను. రెండు స్పీకర్లే ఉన్న ఇంట్లో క్వాడ్‌ని రెండు ఛానెళ్లకు మడిచి వినొద్దు, వెనకవి ముందువాటి మీద పడి తూకం చెడుతుంది. అక్కడ 1973 స్టీరియోనే. కానీ నాలుగు స్పీకర్లు సరిగ్గా పెట్టుకున్నవాళ్లకు 'ఆన్ ద రన్', 'టైమ్', 'మనీ' ముందుగా పార్సన్స్ క్వాడ్‌లోనే వినిపించాలి. ఈ ముక్క మీద వెనక్కి తగ్గను.

పట్టకం:
నేనూ తగ్గను. ఆ మూడింటిని విడిగా వినిపిస్తే ఆల్బమ్ ముక్కలవుతుంది, మొదటిసారి 43 నిమిషాలూ ఏకబిగిన వినాలి. 'ఎక్లిప్స్' అయిపోయాక వాల్యూమ్ తగ్గించకండి. గుండె చప్పుడు వెనక ఆబీ రోడ్ ద్వారపాలకుడు జెర్రీ ఓ'డ్రిస్కాల్ చెప్పే మాట సన్నగా ఉంటుంది. ఎల్పీ మీద గాడి రొదలో అది మునిగిపోతే, ఆ ఒక్క చోటు సీడీలో వినండి.