హఠాత్తుగా మెడనొప్పి, ఆ వెంటనే చెయ్యీ కాలూ పడిపోవడం: వెన్నులో రక్తస్రావాన్ని క్యాజువాలిటీలో పట్టుకోవడం ఎలా?

క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్ ప్రశ్న:
గుండె కవాటం మార్పించుకుని ఎసిట్రోమ్ (రక్తం పలచబడే మందు) వాడుతున్నవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. అలాంటి మనిషి భుజాల మధ్య పొడిచినట్టు నొప్పని వస్తే ముందు ఈసీజీ తీస్తాం, తర్వాత బృహద్ధమని చీలిందేమో చూస్తాం. స్పైనల్ ఎపిడ్యూరల్ హెమటోమా, అంటే వెన్నుపాము పొర బయట రక్తం చేరి పామును నొక్కేయడం, ఏటా లక్షమందిలో ఒక్కరికి కూడా రానంత అరుదు. దీన్ని ఏ దశలో అనుమానించాలి? రాత్రిపూట ఎంఆర్ఐ లేని ఆసుపత్రిలో ఏం చేసి పంపాలి?

ఎమర్జెన్సీ మెడిసిన్ డాక్టర్ జవాబు:
లక్షణాలు ఏ వరుసలో వచ్చాయో అడగండి. ముందు నొప్పి వస్తుంది, అదీ ఒక్కసారిగా. దగ్గు, తుమ్ము, మలవిసర్జనకు ముక్కడం, బరువెత్తడం లాంటివాటితో మొదలు కావచ్చు, ఏ కారణమూ లేకుండానూ రావచ్చు. నొప్పి చేతుల్లోకో పక్కటెముకల వెంటో పాకుతుంది. నిమిషాల్లో గానీ కొన్ని గంటల్లో గానీ తిమ్మిరి, బలహీనత, మూత్రం ఆగిపోవడం వస్తాయి. నొప్పి మాత్రమే ఉన్న ఆ మధ్య సమయంలోనే డైక్లోఫెనాక్ పొడిచి ఇంటికి పంపేస్తుంటారు. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు అది రెండు విధాలా చెరుపే: రక్తస్రావం పెరుగుతుంది, సూది గుచ్చిన కండలోనూ రక్తం గడ్డకడుతుంది. పారాసిటమాల్ 1 గ్రాము సిరలోకి ఇవ్వండి, చాలకపోతే ఫెంటానిల్ (బలమైన నొప్పి మందు) కొద్ది మోతాదులో.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు దీన్ని పక్షవాతం అనుకోవడం. వెన్నులో చేరిన రక్తపు గడ్డ ఒక పక్కకు ఉంటే అటువైపు చెయ్యీ కాలూ మాత్రమే పడిపోతాయి. నాలుగున్నర గంటల లోపే వచ్చాడు, మెదడు సీటీలో రక్తస్రావం లేదు అని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే వెన్నులో రక్తం ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ ఇంజెక్షన్ ముందు రెండు విషయాలు చూడాలి: మెడనొప్పి ఉందా, ముఖం, మాట, చూపు బాగానే ఉన్నాయా? మెడనొప్పి ఉండి ముఖం బాగుంటే మెడ వెన్ను చూడకుండా ఇంజెక్షన్ వద్దు. ముఖం బాగున్నంత మాత్రాన పక్షవాతం కాదని కొట్టేయకండి, మెడలో ధమని చీలినా నొప్పి వస్తుంది. స్పర్శ పరీక్ష ఇక్కడ సాయపడుతుంది. వెన్నుపాము సగభాగం నొక్కుకుంటే బలహీనత ఒక పక్క, నొప్పీ చలీ తెలియకపోవడం రెండో పక్క. మెదడు పక్షవాతంలో సాధారణంగా రెండూ ఒకే పక్క ఉంటాయి.

స్పిరిట్ దూదితో పాదం నుంచి పైకి వస్తూ చల్లదనం ఎక్కడ తెలుస్తుందో ఛాతీ మీద పెన్నుతో గీయండి. మూత్రం పోశాక మూత్రాశయంలో ఇంకా 200 మి.లీ. పైన మిగిలితే అనుమానం బలపడుతుంది. మొదట్లో కాళ్లు మెత్తగా వేలాడుతూ రిఫ్లెక్స్‌లు లేకపోవచ్చు. అది వెన్నుపాము షాక్, అంటే దెబ్బతిన్న వెన్నుపాము కొంతకాలం మొద్దుబారిపోవడం. దాన్ని గిలియన్ బారే (నరాలు దెబ్బతిని కాళ్లు పడిపోయే జబ్బు) అనుకుని నడుములోంచి నీరు తీయబోకండి.

రేడియాలజిస్ట్ జవాబు:
"రెండు కాళ్లు బలహీనం" అని రాసి నడుము ఎంఆర్ఐ ఒక్కటే అడుగుతారు. గడ్డలు ఎక్కువగా కనిపించేది మెడ కింది భాగంలో, ఛాతీ పై భాగంలో. పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి నడుము పూస దగ్గరే ముగుస్తుంది, కాబట్టి నడుము స్కాన్ బాగుందంటే దాని పైభాగం గురించి ఏమీ తేలనట్టే. స్పర్శ గీత ఛాతీ మధ్యలో ఉన్నా గడ్డ మెడలో ఉండొచ్చు. వెన్ను మొత్తానికీ శాజిటల్ స్క్రీనింగ్ (పక్కనుంచి చూసినట్టు నిలువుగా తీసే స్కాన్) అడగండి, కొన్ని నిమిషాల పని.

మొదటి 24 గంటల్లో టీ1 అనే రకం ఎంఆర్ఐ చిత్రంలో రక్తం దాదాపు వెన్నుపాము ఛాయలోనే ఉంటుంది, చూపు జారిపోతుంది. టీ2 రకం చిత్రంలో తెల్లగా, మధ్యలో నల్ల మచ్చలతో, వెన్నుపాము వెనకవైపు కటకం ఆకారంలో కనబడుతుంది. కొవ్వు అనిపిస్తే ఫ్యాట్ సప్రెషన్ పెట్టండి: కొవ్వు నల్లబడుతుంది, రక్తం నల్లబడదు. జ్వరం ఉండి చీము అనుమానం ఉంటే తప్ప కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా చూపే ఇంజెక్షన్) కోసం ఆగక్కర్లేదు. కృత్రిమ కవాటం ఉందని కూడా ఆపక్కర్లేదు. పేస్‌మేకర్ ఉంటే మాత్రం మోడల్ చూడాలి.

ఎంఆర్ఐ లేకపోతే మెడ, ఛాతీ వెన్నుకి ప్లెయిన్ సీటీ తీసి సాఫ్ట్ టిష్యూ విండోలో (ఎముక కాక మెత్తటి భాగాలు తేటగా కనిపించే అమరికలో) చూడండి. తాజా రక్తం కాస్త తెల్లగా కనిపించవచ్చు. కనిపించకపోతే మాత్రం లేదని అర్థం కాదు. పక్షవాతం అనుకుని మెడ యాంజియో (రక్తనాళాల స్కాన్) తీసి ఉంటే, రక్తనాళాలతోపాటు వెన్ను కాలువనూ చూడండి.

ప్రశ్న అడిగిన డాక్టర్:
ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే కొలత) 4.5 ఉండి, కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకు ఎసిట్రోమ్‌కు విరుగుడైన విటమిన్ కె ఇవ్వాలంటే చెయ్యి వెనకాడుతుంది. కవాటం మీద గడ్డ కడితేనో?

న్యూరోసర్జన్ జవాబు:
ఆ భయం న్యాయమైనదే. కానీ కవాటంపై గడ్డ కట్టే ప్రమాదం రోజులతో లెక్క, వెన్నుపాముది గంటలతో లెక్క. ఎసిట్రోమ్ ఆపండి. విటమిన్ కె 10 మి.గ్రా. 50 మి.లీ. సెలైన్‌లో కలిపి 20–30 నిమిషాల్లో ఎక్కించండి. అది పనిచేయడానికి గంటలు పడుతుంది కాబట్టి నాలుగు ఫ్యాక్టర్ల పీసీసీ (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్ల మందు) కూడా ఇవ్వాలి: ఐఎన్ఆర్ 2–4 ఉంటే కిలోకు 25 యూనిట్లు, 4–6కి 35, 6 దాటితే 50. ముగిశాక అరగంటలో ఐఎన్ఆర్ మళ్లీ చూడండి. పీసీసీ దొరక్కపోతే ప్లాస్మా కిలోకు 10–15 మి.లీ., అంటే 60 కిలోల మనిషికి 600–900 మి.లీ. బలహీనమైన గుండె ఆ నీటికి తట్టుకోలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. దగ్గరుండి చూడాలి. డాబిగాట్రాన్ (రక్తం పలచబడే మరో మందు) వాడేవాళ్లకైతే దాని విరుగుడు ఇడారుసిజుమాబ్ 5 గ్రాములు. డాబిగాట్రాన్ లాంటి కొత్త మందుల్లో ఐఎన్ఆర్ మామూలుగా ఉన్నా నమ్మకండి, చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో అడగండి.

మందు ప్రభావాన్ని తిరగ్గొట్టడం, బండి పిలవడం రెండూ ఒకేసారి జరగాలి. స్కాన్ అయ్యాక మొదలుపెడదాం అనుకుంటే రెండు గంటలు పోతాయి. బీపీని ఒక్కసారిగా దించకండి, నొక్కుకున్న వెన్నుపాముకి రక్తం అందదు. బలహీనత పెరుగుతున్నవాళ్లకి లామినెక్టమీ (వెన్నుపూస వెనక ఎముక తొలగించడం) చేసి గడ్డ తీసేస్తాం. 12 గంటల లోపు తీస్తే కోలుకునే అవకాశం బాగుంటుంది. పూర్తిగా పడిపోక ముందు తీస్తే ఇంకా మెరుగు. వస్తూ వస్తూనే బలం దానంతటదే పెరుగుతుంటే ఆపరేషన్ లేకుండా గంటగంటకీ చూస్తాం, మళ్లీ తగ్గితే థియేటర్‌కే.

పంపే కాగితం మీద ఇవి రాయండి: నొప్పి మొదలైన సమయం, బలహీనత మొదలైన సమయం, నాలుగు అవయవాల బలం 0–5లో, స్పర్శ గీత, మలద్వారం బిగువు, కాథెటర్ (మూత్రపు గొట్టం) వేయగానే వచ్చిన మూత్రం, ఐఎన్ఆర్, ఇచ్చిన మందులు, సమయాలతో సహా. "పారాప్లీజియా, రిఫర్డ్" (రెండు కాళ్లు పడిపోయాయి, పంపుతున్నాం) అని రెండు ముక్కలు రాస్తే, దారిలో బలం తగ్గిందో ముందే అంతో మాకు తెలిసే మార్గం ఉండదు.