నల్లబడ్డ ఇటుక: మంట ఎక్కువైందా, గాలి తక్కువైందా?

రావులపాలెం మేస్త్రి:
కడియం వైపు నుంచి తెప్పించిన లోడులో చాలా ఇటుకలు పైకి ఎర్రగానే ఉన్నాయండి. పగలగొడితే చుట్టూ అర అంగుళం ఎరుపు, లోపలంతా నలుపు. కొన్నయితే కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బట్టీ వాళ్లేమో "మంట ఎక్కువైంది, గట్టిగానే ఉంటాయి" అంటున్నారు. పునాదికి వాడొచ్చా?

బట్టీ బాబాయ్:
ఆయ్, మంట ఎక్కువైతేనే నల్లబడుద్ది. అన్నం పొయ్యి మీద వదిలేస్తే మాడదా? ఇదీ అంతే.

ఒండ్రు మట్టి:
బాబాయ్ గారూ, అన్నం మాడితే మిగిలేది బొగ్గు. ఇటుకకి రంగిచ్చేది ఇనుము, దాని లెక్క వేరు. మన ఒండ్రులోని ఇనుము కాలాక హెమటైట్ అనే ఇనుప ఆక్సైడ్ అవుతుంది, ఆ ఎరుపు దానిదే. మామూలు గాలిలో అది కొంత ఆక్సిజన్ పోగొట్టుకుని నల్లటి మాగ్నటైట్‌గా మారాలంటే దాదాపు 1390 డిగ్రీలు కావాలి. మన బట్టీలు 1000 అటూఇటూ. ఒట్టి వేడికి నల్లబడే ప్రశ్నే లేదు.

గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ పది లక్షల్లో కొద్ది వంతులకి పడిపోతే మాత్రం అదే మార్పు 1000 డిగ్రీలకే జరిగిపోతుంది. వినడానికి అసాధ్యంలా ఉంటుంది గానీ, మట్టిలో కలిపిన ఊక ఇటుక లోపల మండుతుంటే ఉన్న ఆక్సిజనంతా అదే తినేస్తుంది. పైగా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఆక్సిజన్ ఇంకా కరువైతే ఇనుము ఫెర్రస్ రూపానికి (ఆక్సిజన్ తక్కువ పట్టిన రూపం) దిగి, మట్టిలోని అల్యూమినాతో (అల్యూమినియం ఆక్సైడ్) కలిసి హెర్సినైట్ అనే ఖనిజం అవుతుంది. అదీ నలుపే. విడిగా హెర్సినైట్ 1700 దాటినా కరగదు. కానీ ఫెర్రస్ ఇనుముకి సిలికా (ఇసుకలో ఉండేది), అల్యూమినా రెండూ తోడైతే 1100 లోపే కరగడం మొదలు. మేస్త్రి గారి ఇటుకలు అతుక్కుపోయింది అందుకే అంటాను. మంట పెరగనక్కర్లేదు, గాలి అందకపోతే కరిగే వేడే కిందకి దిగొస్తుంది.

అమలాపురం కెమిస్ట్రీ:
ఆ నలుపు ఇనుముదే అని గ్యారంటీ ఏంటండి? పూర్తిగా కాలని ఊక మసి కావచ్చుగా. అయస్కాంతం పెడితే తేలిపోద్ది.

ఒండ్రు మట్టి:
తేలదండి. మాగ్నటైట్ అయితే లాగుతుంది. హెర్సినైట్‌ని మామూలు వేడిలో అయస్కాంతం పట్టదు, మసినీ పట్టదు. పైగా 860 డిగ్రీల పైన మాగ్నటైట్, హెర్సినైట్ ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కలిసిపోతాయి, నిదానంగా చల్లారితే విడిపోతాయి, అందుకే లాగుడు ఎంతన్నది చూసి ఏది ఎంతుందో చెప్పలేం. ముక్కని గాలి తగిలేలా మళ్లీ కాల్చినా ఉపయోగం లేదు. మసి అయితే కాలిపోతుంది, ఇనుమైతే తిరిగి హెమటైట్ అవుతుంది, ఎటు చూసినా ఎరుపే. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (లోపల ఏ ఖనిజాలున్నాయో చూపే పరీక్ష) తీయిస్తే సంగతి తెలుస్తుంది. మీరన్న మసి కూడా కొంత ఉండే ఉంటుంది, కాదనను.

రావులపాలెం మేస్త్రి:
నా పునాది సంగతి?

ఒండ్రు మట్టి:
24 గంటలు నానబెట్టి తూచండి. పొడి బరువులో 20 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదని ఇటుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 చెబుతుంది, మామూలు తరగతి ఇటుకలకి. కరిగినవి ఇందులో సులువుగా పాసైపోతాయి, వాటి గొడవంతా వంకర. వరస కుదరదు, సిమెంటూ సరిగా పట్టదు. అవి ముక్కలు కొట్టించి గచ్చు కింద పోయించండి. వంకర లేనివి విడిగా తీసి బలం పరీక్ష చేయించాకే వాడండి.

బట్టీ బాబాయ్:
మరి పైన ఎర్రగా ఎందుకున్నాయంట? గాలి దారులు పెంచితే వేడంతా పొగగొట్టంలో పోద్ది, ఆ బొగ్గు డబ్బులు ఎవరిస్తారు?

ఒండ్రు మట్టి:
చల్లారేటప్పుడు గాలి తగిలి పై పొర మళ్లీ హెమటైట్ అయింది. లోపల మట్టి కరిగి గాజులా కట్టి రంధ్రాలు మూసుకుపోయాయి, ఆక్సిజన్ దిగలేదు. దారులు పెంచమనట్లేదు బాబాయ్ గారూ. 700 నుంచి 900 దాకా తొందరపడకుండా, లోపలి ఊక కాలనిచ్చి ఆ తర్వాత మంట పెంచమంటున్నా.

బట్టీ బాబాయ్:
జూన్ వానలు నెత్తి మీదుంటే నిదానం అంటారేంటండి! ఆ నాలుగు రోజుల కూలి కూడా మీ లెక్కలో వేసి చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.