ఆక్సీమీటర్ రీడింగులు రాత్రిపూట ఆగిపోతున్నాయి, దారి చెప్పండి

మా నాన్నగారికి సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు). ఊళ్లో ఆయన, అమ్మ ఇద్దరే ఉంటారు. వేలికి పెట్టుకుని రక్తంలో ఆక్సిజన్ శాతం కొలిచే బ్లూటూత్ పల్స్ ఆక్సీమీటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కి, అక్కడి నుంచి ఎంక్యూటీటీ (చిన్న పరికరాలు సందేశాలు పంపుకునే పద్ధతి) ద్వారా నా సర్వర్‌కి రీడింగులు వచ్చేలా చిన్న యాప్ రాశాను. సర్వర్‌లో ఒక్కోదాన్నీ ఫైర్ (FHIR, ఆరోగ్య సమాచారం పంచుకునే ప్రమాణం) అబ్జర్వేషన్‌గా, లోయింక్ (వైద్య పరీక్షలకు ఇచ్చే ప్రామాణిక కోడ్‌ల జాబితా) కోడ్ 59408-5తో దాస్తున్నాను. ఆభాకి (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) కలపడం సంగతి తర్వాత.

పగలు బాగానే నడుస్తోంది. రాత్రయితే ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ నా యాప్‌ని ఆపేస్తోంది. ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ (యాప్ ఆగకుండా నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే పద్ధతి) పెట్టినా, బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేసినా అంతే. ఫోన్ బదులు మంచం పక్కన ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై, బ్లూటూత్ ఉన్న చిన్న సర్క్యూట్ బోర్డు) పెడితే నయమా? నెలల తరబడి నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అసలు టెన్షన్ ఇంకోటి. నెట్ పోయి వచ్చాక పాత రీడింగులన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. మొన్న తెల్లవారుజామున 84 అని అలారం మోగింది. కంగారుగా ఫోన్ చేస్తే అమ్మ, "కాఫీ తాగుతున్నారు, ఏమైంది?" అంది. అది అర్ధరాత్రి క్లిప్ జారినప్పటి రీడింగ్. ఇకపై కొలిచిన సమయం చూసే అలారం మోగించాలనుకుంటున్నా. కానీ క్లిప్ జారిందో, నిజంగానే ఆక్సిజన్ పడిపోయిందో ఎలా తేల్చాలి? పర్‌ఫ్యూజన్ ఇండెక్స్ (వేలి దగ్గర నాడి సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) ఒక్కటే సరిపోతుందా, పల్స్ తరంగం కూడా చూడాలా?

ఎంక్యూటీటీలో వాడుతున్నది క్యూఓఎస్ 1 (సందేశం కనీసం ఒక్కసారైనా చేరేలా చూసే స్థాయి) కాబట్టి ఒకే రీడింగ్ రెండుసార్లు రావచ్చు. పరికరం నంబరు, కొలిచిన సమయం కలిపి ఐడెంటిఫయర్‌గా పెట్టి, కండిషనల్ క్రియేట్ (అదే రికార్డు ముందే ఉంటే మళ్లీ సృష్టించని ఫైర్ పద్ధతి) వాడితే సరిపోతుందా?

ఎంతకి పడితే ప్రమాదమో డాక్టర్ గారు చెప్పారు. నాకు కావాల్సింది ఈ సాంకేతిక సాయమే. కోడ్ అడిగితే పెడతాను.