ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు గుయ్యిమంటున్నాయి, మీటర్‌లో 255 చూపిస్తోంది

ప్రశ్న – తిరుపతి, కొర్లగుంట
900 వీఏ స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. లోడు మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, టీవీ. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే ఫ్యాన్లు గుయ్యిమంటా ఉన్నాయి. మల్టీమీటర్ పెడితే 255 వోల్టులు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ ముట్టుకుంటే కాలతా ఉంది. ఫ్యాన్లు పోతాయా? లోపల 12 వోల్టుల డీసీ 230 ఏసీగా ఎట్లా మారుతుందో కూడా చెప్పండన్నా.

జవాబు – చిత్తూరు
255 చూసి భయపడొద్దు. చవక మీటర్లు సగటు కొలిచి, సైన్ వేవే (లైను కరెంటులా నునుపైన అల) అనుకుని 1.11తో హెచ్చవేసి చూపిస్తాయి. స్క్వేర్ వేవ్‌లో (నిటారుగా ఎక్కి దిగే అల) నిజంగా 230 ఉంటే వాటిలో 255 పడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ డీసీని పెంచలేదు, దిక్కు మారే కరెంటు కావాలి. అందుకే బ్యాటరీ ప్లస్‌ని ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (బ్యాటరీ వైపు) చుట్ట నడిమధ్యకి ఇచ్చి, రెండు కొనలకీ రెండు గుంపుల మాస్‌ఫెట్లు (ఎలక్ట్రానిక్ స్విచ్చులు) పెడతారు. ఒక గుంపు దాదాపు 10 మిల్లీసెకన్లు ఆన్, తర్వాత రెండోది. అట్లా సెకనుకు 50 సైకిళ్లు. మధ్యలో రెండూ ఆఫ్‌లో ఉండే చిన్న సందు తప్పనిసరి, లేకుంటే బ్యాటరీ షార్టయి మాస్‌ఫెట్లు పేలతాయి.

మోతకి కారణం ఆ వేవ్‌లో 50తో పాటు ఉండే 150, 250 హెర్ట్జ్‌లు. అవి ఫ్యాన్‌ని తిప్పవు, అదిరిస్తాయి, వైండింగ్‌ని వేడెక్కిస్తాయి. వెంటనే కాలిపోదు గానీ ఆయుష్షు తగ్గుతుంది.

జవాబు – తిరుపతి, భవానీనగర్
మోత తర్వాత, ముందు ఆ టెర్మినల్ చూడండి. మీ లోడు దాదాపు 345 వాట్లు. ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి 34 ఆంపియర్లు లాగుతుంది. లగ్ (వైరు కొనకుండే లోహపు రింగు) వదులై 0.02 ఓం వచ్చినా 23 వాట్ల వేడి ఆ ఒక్క బోల్టు దగ్గరే. 0.7 వోల్టు కూడా అక్కడే పడిపోతుంది, చార్జి ఉండగానే లో బ్యాటరీ అంటుంది.

ఇన్వర్టర్ ఆఫ్ చేసి, గోడ ప్లగ్ తీసి, ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే వేడినీళ్లలో తినే సోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దండి. ఆ నీళ్లు సెల్లులోకి దిగితే యాసిడ్ విరిగిపోతుంది, జాగ్రత్త. పూర్తిగా ఆరాక ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి, బిగించిన తర్వాతే వాజిలీన్ పూయండి. సుత్తితో నొక్కిన లగ్ అయితే కొత్తది క్రింపింగ్ టూల్‌తో వేయించండి.

జవాబు – చిత్తూరు
సైన్ వేవ్ ఇన్వర్టర్‌లో అవే మాస్‌ఫెట్లు సెకనుకు వేల సార్లు ఆన్ ఆఫ్ అవుతాయి. పల్సు వెడల్పు అలని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మరూ కెపాసిటరూ దాన్ని నునుపు చేస్తాయి. బ్యాటరీ 10.5కి దిగినప్పుడు అల శిఖరం అంతకు మించదు, ప్రైమరీకి దక్కేది (ఆర్‌ఎంఎస్, అంటే శిఖరాన్ని 1.41తో భాగిస్తే వచ్చేది) 7.4 వోల్టులే. అందుకే చుట్ల నిష్పత్తి (ప్రైమరీకి ఎన్ని రెట్లు చుట్లు రెండో చుట్టలో ఉండాలో) 230ని 12తో భాగిస్తే వచ్చే 19 చాలదు, 31 దాకా కావాలి.

ఇన్వర్టర్ ఇప్పుడే మార్చలేకపోతే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు పెట్టండి. అవి ఏసీని లోపల డీసీ చేసుకుంటాయి కాబట్టి మోత దాదాపు ఉండదు. ఒక్కోటి 30 వాట్లే, లోడు 210కి దిగుతుంది, బ్యాటరీ బాగుంటే 3 గంటలొచ్చే బ్యాకప్ 5 గంటలు దాటుతుంది. పాత రెగ్యులేటర్ తీసేసి నేరుగా స్విచ్చుకి ఇవ్వాలి.